నోరున్న మొక్క

ముయ్యి. ముయ్యవే నోరు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ అందరూ తనను అంటూ వచ్చిన మాటను ఇవాళ ఆమె ఒక మొక్కతో అంటోంది, అదీ బతిమాలుకుంటూ. బాల్కనీ గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని, ఎదురుగా పీట మీద పెట్టిన కుండీని కన్నార్పకుండా చూస్తోంది. పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో కుండీ, కుండీలో అరచేతిలో ఇమిడేంత మొక్క, ఆ మొక్కకు తెరుచుకున్న నోరు ఒక్కటే. అంచు పొడవునా కనురెప్పల వెంట్రుకల్లాంటి ముళ్ళు, లోపల లేత ఎరుపు. మిగతా నోళ్ళు ఇంకా పిడికిళ్ళలా ముడుచుకునే ఉన్నాయి, వాటి మీద ఆశ పెట్టుకోవడానికి ఇవాళ టైము లేదు. ఈ ఒక్క నోరూ సాయంత్రంలోగా ఒక్క ఈగను పట్టుకుంటే ఆమె కొట్టు తాళంచెవి ఆమెకు దక్కుతుంది. పట్టకపోతే సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడు వచ్చి దాన్ని జేబులో వేసుకొని పోతాడు. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. బావ ఆ పందెం కాసిన రోజు ఆమెకూ నవ్వే వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. ఈగ ఒకటి ఉండటం ఉంది. అక్క ఆరేసిన దుప్పటి అంచు మీద నడుస్తోంది, ఆగి ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంటోంది, పంక్తిలో కూర్చోబోయే ముందు చేతులు కడుక్కునేవాడిలాగా. రా, ఇటు రా, ఆ ఎర్రటి అంచు మీద తీపి ఉంది, నీకోసమే పూసి పెట్టింది ఇది. లోపల అక్క గురక వినిపిస్తోంది, బావ నీళ్ళగదిలో పాటేదో కూనిరాగం తీస్తున్నాడు, కింద ఎవరిదో స్కూటరు ఎంత తన్నినా స్టార్టు కావడం లేదు. బ్యాటరీ దిగిపోయిందిరా నాయనా, తన్నకు, ఎంత తన్నినా అంతే.

బావ చెడ్డవాడైతే ఎంత బాగుండేది. ఎడాపెడా నాలుగు మాటలని, చెప్పులేసుకొని ఎప్పుడో వెళ్ళిపోయేది. చిక్కంతా మంచివాళ్ళతోనే. ఇన్సూరెన్సు ఏజెంటు ఆయన, జనానికి ప్రమాదాలు వర్ణించి చెప్పీ చెప్పీ, మెట్టు కనిపిస్తే ఆయన కంటికి జారడమే కనిపిస్తుంది, పొయ్యి కనిపిస్తే ఇల్లు తగలబడటమే కనిపిస్తుంది. అలాంటి మనిషికి మరదలు స్టూలెక్కి పై అరలోంచి ఆటో బ్యాటరీ దించబోయి కిందపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుందంటే ఇంకేం కావాలి. ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే తీసుకొచ్చారు. కొట్టు షట్టరు దించి, తాళం వేసి, చెవి తెచ్చి ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించింది ఆయనే. ఎవరూ చెప్పకుండానే కిటికీలోని మొక్కను గుర్తుపెట్టుకొని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చిందీ ఆయనే. ఒంటరిదానివి, కొట్టు వెనక గదిలో ఆ యాసిడ్ వాసనలో ఏం ఉంటావు, మా ఇంట్లో ఒక గది నీదనుకో, కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేద్దాం, అన్నాడు. చేతికి పిండికట్టు, ఒంట్లో మందుల మత్తు, ఆమె సరేనని తలూపింది. ఆ ఒక్క తల ఊపుకే కవర్లవాడు తయారయ్యాడు. కట్టు విప్పాక ఒకరోజు భోజనాల దగ్గర, నేను వెళ్తాను బావా, అంటే ఆయన నల్లగా వేలాడిపోయిన మొక్కను వేలెత్తి చూపించాడు. "అదిగో, అది కోలుకుని ఒక్క ఈగను పట్టనీ మరదలా, ఆ రోజే నీ తాళం నీ చేతిలో పెడతాను. అందాకా నువ్వు కదిలేది లేదు." అక్క పకపకా నవ్వింది. పోయే ప్రాణం మీద పాలసీ రాసేంత తెలివితక్కువవాడు కాదు ఆయన, కట్టాల్సిన అవసరం రాదని తెలిసే కాశాడు. ఆమె కూడా నవ్వి, "మాట మీద ఉండాలి మరి" అంది. కవర్లవాడు ఆదివారం సాయంత్రం వస్తానన్నాడని బావ నిన్న చెప్పాడు. ఇవాళ ఆదివారం.

నోరున్న మొక్క అని పేరు పెట్టింది వీధివాళ్ళు. నోరున్నదాని కొట్లో నోరున్న మొక్క, సరిపోయింది జోడీ, అనేవాళ్ళు. నోరు లేకపోతే ఆ వీధిలో బతికేదెలా? అటు టైర్ల కొట్టు, ఇటు వెల్డింగు, మధ్యలో బ్యాటరీలకు చార్జింగు పెట్టే ఆడమనిషి. మొదట్లో వచ్చినవాడల్లా గుమ్మంలో నిలబడి, మీ ఆయన లేడా, అనేవాడు. లేడు, ఉన్నా ఈ పని నేనే చేసేదాన్ని, అనేది. తర్వాత తర్వాత అడగడం మానేశారు. మొక్కను ఇచ్చింది మొక్కలు మోసే వ్యాను డ్రైవరు, నడిరోడ్డు మీద మొరాయించిన బండి ఆమె చేతిమీదుగా కదిలిన రోజున. "నీ కొట్లో ఈగలెక్కువ గదమ్మా, ఇది పెట్టుకో. పంపునీళ్ళు మాత్రం పొయ్యకు, చస్తుంది. వాననీళ్ళు పొయ్యి, లేదంటే బ్యాటరీల్లో పోస్తావే, ఆ నీళ్ళు పొయ్యి" అని అరిచాడు ఇంజను హోరులోంచి. మట్టి గురించి కూడా ఏదో అరిచాడు, అది లారీ హారన్లో కలిసిపోయింది. ఆ సగం మాట వినపడి ఉంటే ఇంత జరిగేది కాదు. బ్యాటరీ నీళ్ళు తాగి ఆ మొక్క కిటికీలో ఎలా పెరిగిందనీ, ఒక్కో నోరూ బొటనవేలంత, టైర్ల కొట్టువాడు టీ తాగుతూ వచ్చి దాని ముందు నిలబడి, పట్టింది పట్టింది, అని క్రికెట్ చూస్తున్నట్టు కేకలేసేవాడు. ఎవడైనా పుల్లతో గెలకబోతే ఆమె కసిరేది. ప్రతి నోటికీ లెక్క ఉంటుంది, ఊరికే మూయించి తెరిపిస్తే నాలుగైదు సార్లకే ఆ నోటి పని అయిపోతుంది. ఆమె నోటికి అలాంటి లెక్క లేకపోవడం ఆమె అదృష్టమని వెల్డింగు ఆయన అనేవాడు, దూరంగా నిలబడి.

ఈగ లేచింది. దుప్పటి మీది నుంచి లేచి బాల్కనీ కమ్మీ మీద వాలింది, కమ్మీ మీది నుంచి ఆమె మోకాలి మీద. కదలకూడదు. దురద పుడుతోంది, పుట్టనీ. కిటికీ గట్టు మీద చచ్చిన ఈగ ఒకటి వెల్లకిలా పడి ఉంది, పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది దాన్ని. తీసి నోట్లో వేసి, చీపురు పుల్లతో లోపలి వెంట్రుకను రెండుసార్లు గోకితే చాలు, టప్పున మూసుకుంటుంది, బావను పిలిచి చూపించవచ్చు. ఎవరు చూడొచ్చారు. కానీ దొంగ ఈగతో గెలిచి తన కొట్టు తాళం తను తీసుకోవడమా, థూ. నాన్న వినుంటే ఏమనేవాడు. దిగిపోయిన బ్యాటరీకి పైన ముల్లు మాత్రం నిండుగా చూపించి అమ్మేవాళ్ళను ఆయన మనుషుల్లో జమకట్టేవాడు కాదు. నాన్న కూతుళ్ళిద్దరికీ ముద్దుపేర్లు పెట్టాడు, ప్లస్సు, మైనస్సు అని. ఎవరు ప్లస్సో ఎవరు మైనస్సో చచ్చేదాకా చెప్పలేదు. ప్లస్సూ ఇలా రా, అంటే ఇద్దరూ పరిగెత్తేవాళ్ళు. మైనస్సూ, అంటే ఇద్దరూ చెవిటివాళ్ళయిపోయేవాళ్ళు. పెద్దదాన్ని కాబట్టి నేనే ప్లస్సని అక్క వాదన. అవునులే, బ్యాటరీ మీద ప్లస్సు బొడిపే కాస్త లావుగా ఉంటుంది, అని ఈమె అనేది, అక్క ఏడుపు లంకించుకునేది. రెండూ ఉంటేనే దీపం వెలుగుతుంది తల్లీ, రెండూ ఒకదాన్నొకటి అంటుకున్నాయో నిప్పులే, మధ్యన కాస్త వైరూ ఒక బల్బూ ఉండాలి, అనేవాడు నాన్న, ఇద్దరి జుట్లూ విడదీస్తూ.

ఇంకో మాట కూడా అనేవాడు. ఆ మాట గుర్తుకొచ్చే ఈ మొక్క బతికింది, ఆ మాట గుర్తుకు రావడానికి ఒక గుడ్డు కావలసొచ్చింది. అక్కకు ప్రేమంటే బలం. బలానికి పాలు, బలానికి గుడ్డు, బలానికి ఎముకల చారు, తినకపోతే ఎముక అతుక్కోదే అంటూ నోట్లో కుక్కడం. నిద్రపోతుంటే లేపి మరీ బలం. చెల్లెలి మంచం కింద చెప్పులు కనపడితే తీసి దాచేసేంత ప్రేమ. ఆ ప్రేమతోనే, ఆమె మత్తులో పడుకుని ఉన్నప్పుడు, మొక్కకు కుండీ మార్చింది. "ఎండుపీచు తప్ప ఏముందే ఆ చచ్చుమట్టిలో? పాపం ఎన్నాళ్ళ నుంచి పస్తులుందో. పేడ ఎరువు కలిపి, గుడ్డుపెంకుల పొడి చల్లి, మంచి బలమైన మట్టిలో పెట్టాను" అంది మర్నాడు, గర్వంగా. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. అయినా ఆకలి తీరలేదేమోనని ఒక నోట్లో మాంసం ముక్క పెట్టింది, అది ఆ నోటితో సహా కుళ్ళిపోయింది. తర్వాత ఒక్కో ఆకూ అంచు నుంచి నల్లబడుతూ వచ్చింది, నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే సొమ్మసిల్లాయి. అక్క కంగారుపడి ఇంకాస్త ఎరువు వేసింది. కుండీ పక్కన నిలబడి చూడటం తప్ప ఆమెకేమీ తోచలేదు. కట్టు విప్పినా కుడిచేతికి పట్టు రాలేదు, ఒకచేత్తో జడ వేసుకోవడం రాదు, బొత్తాం పెట్టుకోవడం రాదు, కుక్కిన పేనులా ఆ ఇంట్లో పడి ఉంది, ఆ నోరున్న మనిషి. అప్పుడొక పొద్దున అక్క కంచంలో రెండో గుడ్డు వేస్తూ, తిను, బలం తగ్గింది నీకు, అంది. ఆ గొంతు అక్కది కాదు, కొట్టుకు వచ్చే ప్రతివాడిదీను. బలం తగ్గిందమ్మా, కాస్త యాసిడ్ పొయ్యి, అంటాడు ప్రతివాడూ. దానికి నాన్న విసుక్కోకుండా, అడిగినవాడికల్లా ఒకే జవాబు చెప్పేవాడు. "బలం ఎక్కడికీ పోదయ్యా, యాసిడ్ లోపలే ఉంటుంది. ఆవిరైపోయేది నీళ్ళు. పోయినదాన్ని పొయ్యి, ఉన్నదాన్ని మళ్ళీ పోస్తే ప్లేట్లు తినేస్తుంది." గుడ్డు గొంతుకు అడ్డంపడింది. మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి బాల్కనీలోకి వచ్చింది.

ఎడమచేత్తో ఊడబెరికింది మొక్కను. వేళ్ళు కమిలిపోయి ఉన్నాయి, నడుమ మాత్రం వెల్లుల్లి రెబ్బంత తెల్లని దుంప, గోటితో నొక్కితే గట్టిగానే ఉంది. ప్రాణం అంతా అక్కడ దాక్కుంది. కుళ్ళిన ఆకులన్నీ కత్తిరించేసింది. అక్క పడకగది ఏసీ గొట్టంలోంచి చుక్కచుక్కగా కారే నీళ్ళను చెంబులో పట్టింది, కొట్లో నీళ్ళ డబ్బా అయిపోతే వాళ్ళ వీధిలో అందరూ బ్యాటరీకి అవే పోస్తారు, వాటిలో ఉప్పూ లేదు, సున్నమూ లేదు, నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆ నీళ్ళతో దుంపను కడిగింది, మళ్ళీ కడిగింది, బలమంతా వదిలిపోయేదాకా కడిగింది. అక్క ఏదీ పారేసే మనిషి కాదు కాబట్టి ఆ చచ్చుమట్టి కవర్లో మూటగట్టి బాల్కనీ మూలనే ఉంది, ఎప్పటికైనా గిన్నెలు తోమడానికి పనికొస్తుందని. అందులోనే తిరిగి పెట్టింది. అక్క గుండెలు బాదుకుంది. అసలే చావబోతున్నదాన్ని పస్తు పెడతావా, నీకేం పోయేకాలమే, అంది. పెడతాను, దీనికి అదే తిండి, అంది ఆమె. ఆ ఇంట్లో అడుగుపెట్టాక గొంతెత్తి అన్న మొదటి మాట అదే. తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి చిన్న కరెంటు మీద నిదానంగా ఎక్కించాలి, తొందరపడి పెద్ద కరెంటు పెడితే ప్లేట్లు వంకర్లు పోతాయి. కొట్లో చార్జింగు బల్ల ముందు అలా ఎన్ని రాత్రులు కూర్చోలేదు. ఇక్కడా కూర్చుంది, పళ్ళెంలో నీళ్ళు చూసుకుంటూ, కుడిచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ. పిడికిలి సగం దాకా వచ్చి ఆగిపోయేది. ఒక ఉదయం దుంప నడుమ నుంచి సూది మొనంత పచ్చదనం లేచింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్క ఏదో ఒకటి పోస్తుందని భయం.

వచ్చింది. మోకాలి మీది నుంచి లేచి, పీట అంచున వాలి, కుండీ ఎక్కి, ఇదిగో నోటి అంచు మీద ఉంది. ఊపిరి బిగబట్టింది. తీపి నాకుతోంది. నాకు, ఇంకా లోపలికి పో, ఇంకా బాగుంటుంది లోపల. తలపెట్టింది, ముందుకాలు లోపలి వెంట్రుకకు తగిలింది. ఒకటి. ఒకసారి తాకితే ఇది మూసుకోదు. దుమ్మో చినుకో అనుకుని ఊరుకుంటుంది. వెంటనే మళ్ళీ తాకాలి, అప్పుడే నమ్ముతుంది. తాకు, ఇంకొక్కసారి, నీ కాళ్ళు మొక్కుతానే, తాకు. లోపల ఫోను మోగింది. నీళ్ళగది తలుపు చప్పుడు, బావ గొంతు, ఆఁ రండి రండి, వీధిలోకి వచ్చేశారా, బండి ఆగిపోయిందా, వదిలేసి పైకొచ్చేయండి. ఈగ ఆగిపోయింది. ఎక్కడి కాళ్ళు అక్కడే పెట్టి, చేతులు రుద్దుకుంటోంది. ఆ రుద్దుకోవడం చూస్తూ చూస్తూ ఆమెకు ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. ఈగ మీద కాదు, బావ మీద కూడా కాదు. ఎవరి కొట్టు అది? నాన్న ఆమె పేర రాసిన కొట్టు, ఆమె చేతులతో సున్నం వేసిన గోడలు, యాసిడ్ పడి చిల్లులు పడిన ఆమె చీరలు. ఆ కొట్టు తాళం కోసం, ఇంత నోరు పెట్టుకొని, పొద్దుటి నుంచీ గోడకు జారగిలబడి ఒక ఈగ కాళ్ళు మొక్కుతూ కూర్చుంది. పట్టడానికి ఈ పసినోటికి ఇంకా బలముందో లేదో, అరిగించుకోలేక మళ్ళీ నల్లబడుతుందో, అదైనా చూసిందా? అందరూ దీన్ని తినమనేవాళ్ళే. అక్క ఒకందుకు, తనొకందుకు. చెయ్యి విసిరింది, "ఫో అవతలికి!" ఈగ లేచిపోయింది. ఎర్రటి నోరు తెరిచే ఉంది, చెక్కుచెదరకుండా.

చెయ్యి విసిరింది కుడిచెయ్యే. అదే చేత్తో కుండీ అంచు పట్టుకుంది. బొటనవేలి మొదట్లో సలుపు పుట్టింది, కానీ పట్టు జారలేదు. ఆరేసిన తన రెండు చీరలూ తీగ మీది నుంచి లాగి భుజాన వేసుకుంది, అక్క బీరువా వెనక దాచిన చెప్పులు కాలితో బయటకు లాగి తొడుక్కుంది. వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ పక్కన మేకు నుంచి తాళంచెవి తీసి నడుముకు దోపుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన బావ గుమ్మంలో ఆగిపోయాడు. మొక్క వైపు చూశాడు, ఆమె నడుము వైపు చూశాడు.

"ఈగను పట్టిందా ఏమిటి?"

"లేదు బావా."

"మరి పందెం ఓడిపోయినట్టేగా?"

"ఓడిపోయాను. అయినా వెళ్తున్నాను. దానికి ఆకలేసినప్పుడు అది పట్టుకుంటుంది, మనకు చూపించడానికి పట్టదు."

"అది కాదమ్మా, చెయ్యి ఇంకా పూర్తిగా... మళ్ళీ పడితే?"

"పడితే లేస్తాను. లేవలేకపోతే కబురు పంపుతాను, మీరే రండి. మీరు కాక ఎవరొస్తారు." బావ తువ్వాలు భుజం మార్చుకున్నాడు. ఆయన దగ్గర ప్రతి ప్రమాదానికీ ఒక కాగితం ఉంటుంది, దీనికి మాత్రం దొరకలేదు. మాటల చప్పుడుకు అక్క లేచింది, జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి, చెప్పులు చూసి, కుండీ చూసి, వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయింది. అక్కకు కోపమొచ్చింది. రానీ. రెండూ అంటుకునే ఉంటే నిప్పులే, అనుకుంటూ ఆమె తలుపు గడియ తీసింది. అక్క మళ్ళీ వచ్చింది, పరుగులాంటి నడకతో. చేతిలో పెద్ద సీసా, నిండా నీళ్ళు, మూతకు గుడ్డ కట్టి ఉంది. ఏసీ గొట్టం కింద పెట్టిన చెంబు ఖాళీ అయిన ప్రతిసారీ నీళ్ళు ఎటు పోతున్నాయో ఇన్నాళ్ళూ చెల్లెలికి తెలియలేదు, పనిమనిషి పారబోస్తోందనుకుంది.

"ఏసీ నీళ్ళే. పట్టి పెట్టాను నీ మొక్కకి" అంది అక్క, ఎటో చూస్తూ. తర్వాత, అనకపోతే చెల్లెలు నమ్మదనుకుందేమో, "ఏమీ కలపలేదే. ఒట్టు" అంది.

ఆ మాటకు ఆమె కళ్ళు నిండిపోయాయి. నిండనీ, ఎవరికి భయం. "ప్లస్సువి నువ్వేలే అక్కా" అంది. "ఆ సంగతి నాకెప్పుడో తెలుసు, లావు మాట ఎత్తావంటే చంపుతాను" అంది అక్క, సీసాను చెల్లెలి ఎడమ చంకలో ఇరికించి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. వారానికొకసారి వచ్చి చూస్తానంది. రా, గుడ్లు మాత్రం తేకు, అంది ఆమె. మెట్ల మీద ఎండ పడుతోంది. ఒక చంకలో సీసా, కుడిచేతిలో కుండీ, కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి లేదు, పైన గుమ్మంలో బావ ఒక్కో మెట్టుకూ ఊపిరి బిగబట్టడం వీపుకు తెలుస్తోంది. మొదటి మలుపులో ఎదురయ్యాడు కవర్లవాడు, కొత్త చొక్కా, కింద ఇందాకటి దాకా తన్నులు తిన్న స్కూటరు అతనిదే కాబోలు, ముఖమంతా చెమట. పక్కకు జరిగి దారిచ్చి, "కొట్టు తాళం ఇచ్చేది ఈ ఇల్లేనాండీ?" అని అడిగాడు.

"ఈ ఇల్లే. కాకపోతే ఇవ్వడం లేదు. కొట్టు తెరుస్తున్నాం" అంది ఆమె, కుండీ అతని ముక్కు కింద నుంచి దాటిస్తూ. "ఆ స్కూటర్ని తన్నింది చాలు, తోసుకుంటూ నా వెనకే రండి. బ్యాటరీలో నీళ్ళయిపోయి ఉంటాయి."